పడకగదిలో మొక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఫ్లాట్ హైదరాబాద్‌లో, రెండో అంతస్తులో. రెండు బెడ్‌రూములు. ఒకదానికి తూర్పు కిటికీ ఉంది. రెండోదాని కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడ కనిపిస్తుంది. ఈ రెండు గదుల్లో తొమ్మిదేళ్లుగా మొక్కలు పెంచుతున్నాను. కొన్ని బాగా పెరిగాయి, కొన్ని నా చేతుల్లోనే పోయాయి. మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు, చుట్టాలు, ఆఫీసులో తోటివాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాళ్లకు చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

రాత్రిపూట మొక్కలు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి కదా, పక్కన పెట్టుకుని పడుకుంటే ప్రమాదం కాదా?

అందరూ మొదట అడిగేది ఇదే. "చీకటి పడ్డాక చెట్టు కింద పడుకోకూడదు" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాట దీని వెనక ఉంది. మొక్క రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ వదులుతుందన్నది నిజమే. వెలుతురు ఉన్నప్పుడే ఆకు గాలిని బాగుచేస్తుందని, చీకట్లో మనలాగే ఊపిరి తీసి వదులుతుందని ఇంగెన్‌హౌజ్ అనే డచ్ డాక్టర్ 1779లోనే ప్రయోగాలు చేసి చూపించాడు.

అయితే ఎంత వదులుతుందన్నది చూడాలి. ఒక మనిషి ఎనిమిది గంటల నిద్రలో దాదాపు 200 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. టేబుల్ మీద పట్టే చిన్న కుండీ మొక్క రాత్రంతా వదిలేది ఒక గ్రాము లోపే. పక్కన పడుకున్న మనిషితో పోలిస్తే అది లెక్కలోకే రాదు. మంచం మీద ముగ్గురు పడుకునే గదిలో భయం లేనప్పుడు, కిటికీ పక్క కుండీని చూసి భయపడాల్సిన పని లేదు. గదిలో గాలి బరువుగా అనిపిస్తే దానికి కారణం తలుపులూ కిటికీలూ మూసేసి రాత్రంతా ఏసీ వేసుకోవడం. పడుకునే ముందు పది నిమిషాలు కిటికీ తెరవండి, తేడా మీకే తెలుస్తుంది.

స్నేక్ ప్లాంట్ రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందంటున్నారు. నిజమేనా?

వాట్సాప్‌లో తిరిగే ఈ మాటలో సగమే నిజం. స్నేక్ ప్లాంట్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. మన ఊళ్లలో నార తీసే చాగ మొక్కకు ఇది దగ్గరి చుట్టం. ఎండ ప్రాంతాల మొక్క కాబట్టి, పగలు తన ఆకుల్లో ఉండే సన్నని రంధ్రాలను మూసేసుకుంటుంది. తెరిస్తే ఒంట్లో నీరంతా ఆవిరైపోతుంది. అందుకని రాత్రి చల్లబడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుని దాచుకుంటుంది. మర్నాడు వెలుతురు రాగానే దానితో ఆహారం తయారు చేసుకుంటుంది. కలబంద, నాగజెముడు చేసేదీ ఇదే పని.

ఆక్సిజన్ తయారు కావాలంటే వెలుతురు ఉండాల్సిందే. కాబట్టి రాత్రి ఇది తీసుకునేది కార్బన్ డయాక్సైడ్, అదీ కొంచెమే. చీకట్లో ఆక్సిజన్ తయారు చేసే మొక్క ఏదీ లేదు. "24 గంటలూ ఆక్సిజన్" అని బోర్డు పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతుంటే ఆ బోర్డు చూసి కొనకండి. స్నేక్ ప్లాంట్ కొనడానికి వేరే మంచి కారణాలున్నాయి. తక్కువ వెలుతురును తట్టుకుంటుంది, నీళ్లు మరిచిపోయినా బతుకుతుంది, నిలువుగా పెరుగుతుంది కాబట్టి మంచానికీ గోడకూ మధ్య జానెడు చోటున్నా సరిపోతుంది.

మొక్కలు గదిలో గాలిని శుద్ధి చేస్తాయని నాసా చెప్పింది కదా?

1989లో నాసా శాస్త్రవేత్త వుల్వర్టన్, ఆయన తోటివాళ్లు చేసిన పరీక్ష అది. గాలి బయటికి పోని చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి, వాటిలోకి బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి రసాయనాల ఆవిరి పంపి, ఎంత తగ్గిందో కొలిచారు. తగ్గింది నిజమే. కానీ మన బెడ్‌రూమ్ మూసేసిన పెట్టె కాదు. తలుపు కింద సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది.

ఇలాంటి పరీక్షలన్నింటినీ డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో మళ్లీ లెక్కగట్టి చూశారు. మామూలుగా గదిలో గాలి మారడం వల్ల జరిగేంత శుద్ధి మొక్కలతో జరగాలంటే, ఒక చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 దాకా మొక్కలు కావాలని తేల్చారు. పది అడుగులకు పన్నెండు అడుగుల గది అంటే సుమారు 11 చదరపు మీటర్లు. తక్కువలో తక్కువ లెక్క వేసినా 110 కుండీలు. అన్ని పెడితే మంచానికి చోటుండదు.

గది కొత్త పెయింట్ వాసన వస్తున్నా, కొత్త ప్లైవుడ్ అల్మారా ఘాటు కళ్లకు తగులుతున్నా మొక్క కొనితెచ్చి ఊరుకోకండి. కొన్నాళ్లు పగలంతా కిటికీలు తెరిచిపెట్టండి.

అలాగైతే బెడ్‌రూమ్‌లో మొక్క ఎందుకు?

పొద్దున్నే కళ్లు తెరవగానే ఫోన్ కాకుండా ఒక కొత్త చిగురు కనపడుతుంది కాబట్టి. మా తూర్పు గదిలో మనీప్లాంట్ కొత్త ఆకు వేసేటప్పుడు ముందు సన్నని చుట్టలా బయటికి వస్తుంది. రెండు మూడు రోజుల్లో కొద్దికొద్దిగా విచ్చుకుంటుంది. లేతాకుపచ్చగా, మెరుస్తూ, అప్పుడే తుడిచినట్టు ఉంటుంది. దాన్ని చూడ్డానికి నేను లేచిన రోజులున్నాయి. ఇంతకంటే పెద్ద కారణం నాకు అక్కర్లేదు.

బెడ్‌రూమ్‌కి ఏ మొక్క కొనమంటారు?

మొక్క పేరు తర్వాత, ముందు మీ కిటికీ సంగతి చెప్పండి. మొక్కలు చచ్చిపోవడానికి నేను చూసిన మొదటి కారణం, నర్సరీలో నచ్చింది కొనుక్కొచ్చి ఇంట్లో చోటు వెతకడం. చోటు చూసుకున్నాక దానికి సరిపోయే మొక్క కొనాలి.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఎండగా ఉన్న రోజు, పదకొండు గంటల ప్రాంతంలో, కుండీ పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరవండి. దాని మీద జానెడు ఎత్తున అరచెయ్యి ఉంచండి. నీడ అంచులు గీత గీసినట్టు ఉంటే అక్కడ వెలుతురు బాగా ఉంది. నీడ ఉంది కానీ అంచులు మసకగా ఉన్నాయంటే మధ్యస్థం. నీడ ఉందో లేదో తెలియడం లేదంటే అది చీకటి మూల. మన కళ్లు తక్కువ వెలుతురుకు అలవాటు పడిపోతాయి కాబట్టి, "మా గదిలో వెలుతురు బాగానే ఉంది" అని అందరం అనుకుంటాం. కాగితం మీద నీడ నిజం చెబుతుంది.

తూర్పు కిటికీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పొద్దుటి ఎండ మెత్తగా ఉంటుంది. మనీప్లాంట్, స్పైడర్ ప్లాంట్, పీస్ లిల్లీ, అగ్లోనిమా, అరెకా పామ్ అన్నీ అక్కడ బాగుంటాయి. ఉత్తరం కిటికీ అయితే అరెకా మానేసి మిగతావి పెట్టుకోవచ్చు. దక్షిణం వైపు చలికాలంలో ఎండ గదిలోకి బాగా లోపలికి వస్తుంది, ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు కాబట్టి అంత రాదు. అక్కడ పల్చని తెర కట్టి ఏదైనా పెట్టొచ్చు.

పడమర కిటికీతో మాత్రం జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు తర్వాత ఆ అద్దం చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. అద్దానికి ఆనుకున్న ఆకు మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, అవి మళ్లీ పచ్చబడవు. ఆ రెండు నెలలు కుండీని కిటికీ నుంచి మూడు నాలుగు అడుగులు లోపలికి జరపండి.

మొదటిసారి పెంచేవాళ్లకు ఒక్కటే చెప్పమంటే మనీప్లాంట్ అంటాను. దాహం వేస్తే ఆకు వాలుస్తుంది, నీళ్లు ఎక్కువైతే పసుపు చూపిస్తుంది. దానికేం కావాలో అదే చెబుతుంది.

మా గదికి ఎండే రాదు. కిటికీ డక్ట్‌లోకి ఉంది. ఏదైనా బతుకుతుందా?

మా రెండో గదీ అలాంటిదే. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ ఈ రెండూ బతుకుతాయి. జెడ్‌జెడ్ తూర్పు ఆఫ్రికాది, మట్టిలో బంగాళాదుంపల్లాంటి దుంపలు పెంచుకుని వాటిలో నీళ్లు దాచుకుంటుంది. కానీ బతకడం వేరు, పెరగడం వేరు. అలాంటి గదిలో ఏడాదికి ఒకటి రెండు కొమ్మలు వస్తే గొప్ప. నేను రెండు కుండీలు పెట్టుకుని మార్చుతుంటాను. ఒకటి నెల రోజులు చీకటి గదిలో, ఇంకొకటి బాల్కనీ నీడలో. ఒకటో తారీఖున అటుదిటు, ఇటుదటు. బాల్కనీకి తీసుకెళ్లినప్పుడు నేరుగా ఎండలో పెట్టకండి, అలవాటు తప్పిన ఆకు ఒక్క మధ్యాహ్నానికే కమిలిపోతుంది.

తెల్లటి ఎల్‌ఈడీ లైటు కూడా పనికొస్తుంది. కుండీకి అడుగు దూరంలో, రోజుకు పది పన్నెండు గంటలు వెలగాలి. రాత్రి మాత్రం ఆర్పేయండి, మీ నిద్ర కోసం.

నర్సరీలో కొనేటప్పుడు ఏం చూడాలి?

మన తెలుగు నేల మీద మొక్కలకు కొదవ లేదు. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక చుట్టుపక్కల కిలోమీటర్ల కొద్దీ నర్సరీలే. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెట్టినప్పుడు ఆ జనాన్ని చూడాలి. ఎక్కడ కొన్నా మూడు పనులు చేయండి. ఆకు తిప్పి అడుగు భాగం చూడండి, తెల్లటి దూది ముద్దల్లాంటివి, సన్నని సాలెగూళ్లు ఉంటే వదిలేయండి. కాండం మొదలును వేళ్లతో నొక్కండి, గట్టిగా ఉండాలి. విరగబూసిన పెద్ద మొక్క కంటే కొత్త చిగుళ్లు వేస్తున్న చిన్న మొక్క తీసుకోండి, అది మీ గదికి తొందరగా అలవాటు పడుతుంది.

తెచ్చాక రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా ఉంచండి. అది చోటు మారింది, గాలి మారింది, ఒకటి రెండు ఆకులు రాల్చడం మామూలే. వచ్చిన రోజే కుండీ మార్చకండి.

ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలి?

ఈ ప్రశ్నకు రోజుల్లో జవాబు చెప్పడమే తప్పు. నేను ఆ తప్పు చేసి నేర్చుకున్నాను.

మొదటి ఏడాది మంచి స్నేక్ ప్లాంట్ ఒకటి కొన్నాను, నడుము ఎత్తు ఉండేది, అంచులకు పసుపు చార. రెండు రోజులకోసారి గ్లాసుడు నీళ్లు పోసేదాన్ని. వర్షాకాలం వచ్చింది, అప్పుడూ అదే గ్లాసు. ఆగస్టులో ఒక రోజు దుమ్ము తుడుద్దామని ఆకు పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చేసింది. పైనంతా పచ్చగా, గట్టిగా ఉంది. కింద, మట్టిలో ఉన్న భాగం మాత్రం గోధుమరంగు గుజ్జు. కుళ్లిన ఉల్లిపాయ వాసన. కుండీ తిరగేస్తే వేర్లు లేవు, దారాల్లాంటి నల్లటి పోగులు ఉన్నాయి. అంత మొక్కా నెల రోజుల కిందటే లోపల చచ్చిపోయింది, నాకు తెలియలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఏ మొక్కా నీళ్లెక్కువై పోలేదు. వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా దించి చూస్తాను. మట్టి అంటుకుంటే పొయ్యను. పొడిగా ఉంటే అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారేదాకా పోసి, పావుగంట తర్వాత కింద పళ్లెంలో చేరిన నీళ్లు పారబోస్తాను. వేర్లకూ గాలి కావాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే గాలికి చోటుండదు, వేరు ఉక్కిరిబిక్కిరై కుళ్లుతుంది. కుండీ ఎత్తి బరువు చూడటం ఇంకా తేలిక. నీళ్లు పోసిన రోజు ఒకసారి ఎత్తండి, వారానికి మళ్లీ ఎత్తండి. పదిసార్లు చేస్తే చేతికే తెలిసిపోతుంది.

ఎంత కాదన్నా ఒక అంచనా కావాలంటారు కాబట్టి, మా ఇంటి లెక్క ఇది. మనీప్లాంట్‌కు ఎండాకాలంలో నాలుగైదు రోజులకు, చలికాలంలో పది రోజులకు. పీస్ లిల్లీ ఆకులు కొద్దిగా వాలగానే. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్‌లకు ఎండాకాలంలో రెండు వారాలకు, వానాకాలం, చలికాలాల్లో మూడు నాలుగు వారాలకు. మీ గది వేరు, మీ కుండీ వేరు. వేలు పెట్టి చూశాకే పోయండి.

ఆకుల కొనలు ఎండిపోతున్నాయి. నీళ్లు సరిగ్గానే పోస్తున్నాను. ఎందుకిలా?

ఎన్ని పోస్తున్నారని కాదు, ఏ నీళ్లు పోస్తున్నారో చూడండి. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లే. వాటిలో సున్నం, ఉప్పు ఎక్కువ. మట్టి పైన, మట్టి కుండీ బయట తెల్లటి పొర కడుతుందంటే ఆ ఉప్పే. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా రకాలకు ఫ్లోరైడ్ కూడా పడదు. నల్గొండ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ మనుషుల ఎముకలనే వంచింది, ఈ మొక్కల ఆకుల కొనలు మాడ్చడం దానికి ఎంత పని? నీళ్లు రాత్రంతా బకెట్‌లో ఉంచితే క్లోరిన్ పోతుంది, ఫ్లోరైడ్ పోదు.

ఆర్ఓ మెషీన్ పైపులోంచి బయటికి పోయే నీళ్లను "వృథా ఎందుకు" అని మొక్కలకు పోస్తుంటారు. అందులో మామూలు నీళ్లకన్నా ఉప్పు ఎక్కువ ఉంటుంది. ఇల్లు తుడవడానికి వాడుకోండి, కుండీలకు వద్దు. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం మంచివి. గాలిలో తేమే చల్లబడి నీరవుతుంది కాబట్టి అందులో ఉప్పు ఉండదు. మే నెలలో మా ఏసీ పైపు కింద బకెట్ పెడితే రాత్రికి నాలుగైదు లీటర్లు వస్తాయి. పగటిదాకా ఆగి, చల్లదనం పోయాక పోస్తాను. వాన నీళ్లు దొరికితే అంతకన్నా మంచివి లేవు.

రెండు మూడు నెలలకోసారి కుండీని బాత్‌రూమ్‌కి తీసుకెళ్లి, దండిగా మంచినీళ్లు పోసి, అడుగు నుంచి కారిపోనివ్వండి. పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది.

సీసాలో నీళ్లు పోసి మనీప్లాంట్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ ఈ జవాబు దయచేసి పూర్తిగా చదవండి.

డెంగీ తెచ్చే ఈడిస్ దోమ మురికి కాలువలో గుడ్లు పెట్టదు. ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్లే దానికి కావాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వేడికి వారం నుంచి పది రోజులు చాలు. మా పక్క ఫ్లాట్ అమ్మాయి మంచం పక్కన అందమైన నీలం సీసాలో మనీప్లాంట్ పెట్టుకుంది. ఒక రోజు సీసా చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూపించాను. నీళ్లలో కామాల్లాంటి సన్నని పురుగులు వంకర్లు తిరుగుతూ పైకీ కిందకీ కొట్టుకుంటున్నాయి. సీసా కదిలించగానే అన్నీ గబుక్కున అడుక్కి దిగాయి. దోమతెర కట్టుకుని పడుకుంటూ, తెర పక్కనే దోమల్ని పెంచుతున్నట్టు తెలిసి ఆ అమ్మాయి భయపడిపోయింది.

వారానికి ఒకసారి నీళ్లు మార్చాలి. మన రెండు రాష్ట్రాల్లో ఆరోగ్య శాఖ వాళ్లు శుక్రవారం డ్రై డే (ఇంట్లో నిలవ నీళ్లన్నీ పారబోసే రోజు) పాటించమని చెబుతారు, ఆ రోజే పెట్టుకోండి. నీళ్లు పారబోస్తే సరిపోదు. దోమ గుడ్లు నీటి అంచుకు కొంచెం పైన గాజుకు అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకని లోపలి గోడలను బ్రష్‌తో రుద్దాలి. వేర్లు కూడా కడగండి. సీసా మూతిని దూదితోనో, సన్నని వలగుడ్డతోనో మూసేస్తే ఇంకా మంచిది. లక్కీ బాంబూ గిన్నెకూ, కుండీల కింద పళ్లేలకూ ఇదే పద్ధతి.

వారం వారం చేయలేం అనుకుంటే మట్టిలో పెట్టేయండి. కణుపు ఒకటైనా మట్టిలోకి వెళ్లేలా నాటితే చాలు, వేరు కణుపు దగ్గరే వస్తుంది.

ఏసీ గదిలో మొక్కలు ఉంటాయా?

ఉంటాయి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు, అంతే. ఏసీ గదిలో తేమను పీల్చేస్తుంది, ఆ గాలి ఆకు మీద పడుతుంటే అంచులు కాగితంలా ఎండుతాయి. ఏసీ కిందగా పక్క గోడకు పెట్టండి. ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే తేమ పెరుగుతుందంటారు కానీ, అది పది నిమిషాల్లో ఆరిపోతుంది. దానికన్నా రెండు మూడు కుండీలు దగ్గర దగ్గరగా పెట్టడం మేలు. తడిగుడ్డతో వారానికోసారి ఆకులు తుడవండి. మన ఊళ్లలో దుమ్ము ఎక్కువ, దుమ్ము పట్టిన ఆకుకు వెలుతురు అందదు.

మట్టిలోంచి చిన్న చిన్న నల్ల ఈగలు లేస్తున్నాయి. రాత్రి ముఖం మీద వాలుతున్నాయి.

అవి కుట్టవు, కానీ నిద్ర పాడుచేస్తాయి. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటేనే వస్తాయి, వాటి పిల్లలు పై రెండంగుళాల మట్టిలోనే ఉంటాయి. సగం మగ్గిన పేడ ఎరువు, టీపొడి పిప్పి, కూరగాయల తొక్కలు కుండీలో వేసినా వస్తాయి. బెడ్‌రూమ్ కుండీల్లో వాటిని వేయకండి, బాగా మగ్గిన వర్మీ కంపోస్టు చాలు. పైమట్టి పూర్తిగా ఆరనిచ్చి, పైన అర అంగుళం ఇసుక పరవండి. పురుగుమందుల కొట్లలో పసుపు జిగురు అట్టలు దొరుకుతాయి, ఒక ముక్క కత్తిరించి పుల్లకు గుచ్చి కుండీలో పెట్టండి. మూడు వారాలు ఓపిక పట్టాలి.

తెల్లటి పిండినల్లి కనిపిస్తే దూదిని శానిటైజర్‌లో గానీ సర్జికల్ స్పిరిట్‌లో గానీ ముంచి ఒక్కొక్కటీ తుడిచేయండి. తర్వాత లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, వారానికోసారి మూడు వారాలు కొట్టండి. వేపనూనె వాసన తెలిసిందే, అందుకని బాల్కనీలో కొట్టి, వాసన పోయాక మర్నాడు లోపలికి తెచ్చుకోండి. పడుకునే గదిలో రసాయన మందులు మాత్రం అసలు కొట్టకండి.

పాకే పిల్లాడున్నాడు. ఏ మొక్కలు పెట్టకూడదు?

మనీప్లాంట్, పీస్ లిల్లీ, జెడ్‌జెడ్, అగ్లోనిమా, డిఫెన్‌బాకియా ఈ ఐదింటి ఆకుల్లోనూ కంటికి కనపడనంత సన్నని సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. పచ్చి చేమదుంప చేతికి తగిలితే దురద పెట్టేది కూడా వీటి వల్లే. కొరికితే నోరు, నాలుక మండి వాస్తాయి. డిఫెన్‌బాకియాతో ఇది ఎక్కువ. "ఒక్క ఆకు తింటే నిమిషంలో ప్రాణం పోతుంది" అని తిరిగే మెసేజ్ మాత్రం నిజం కాదు, టెన్షన్ పడకండి. పిల్లాడు కొరికితే నోట్లో ముక్కలు తీసేసి, తడిగుడ్డతో తుడిచి, చల్లటి నీళ్లు తాగించండి. బలవంతంగా వాంతి చేయించకండి. వాపు పెరిగినా, మింగలేకపోయినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆకు ముక్క కూడా పట్టుకెళ్తే డాక్టర్‌కు తేలిక.

పిల్లాడికి మూడేళ్లు వచ్చేదాకా స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ పెట్టుకోండి, రెండింటిలోనూ విషం లేదు. గన్నేరు మాత్రం ఇంట్లోకే రానివ్వద్దు, అది నిజంగా ప్రాణాంతకం.

పిల్లిని పెంచేవాళ్లకు ఒక మాట. బొకేల్లో వచ్చే అసలైన లిల్లీ పూలు పిల్లుల కిడ్నీలను పాడుచేస్తాయి, పుప్పొడి నాకినా ప్రమాదమే. పీస్ లిల్లీ ఆ జాతి కాదు, దాన్ని కొరికితే నోటి మంటతో సరిపోతుంది.

ఆస్తమా ఉంది. మొక్కలు పెట్టుకోవచ్చా?

మీ డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి. ఆకు మొక్కలతో ఇబ్బంది తక్కువే. కానీ ఎప్పుడూ తడిగా ఉండే మట్టి మీద బూజు పడుతుంది, ఆకుల మీద దుమ్ము చేరుతుంది, ఈ రెండూ ఆస్తమావాళ్లకు పడవు. ఘాటైన పూలు కూడా వద్దు. మట్టి పొడిగా ఉంచగలిగే స్నేక్ ప్లాంట్ ఒక్కటి చాలు.

తులసి, మల్లె లోపల పెట్టుకోవచ్చా? వాస్తు ప్రకారం బెడ్‌రూమ్‌లో మొక్కలు వద్దంటున్నారు మా అత్తగారు.

తులసికి రోజూ ఐదారు గంటల ఎండ కావాలి. తులసికోట వాకిట్లోనో పెరట్లోనో కట్టారంటే ఆ ఎండ అక్కడే ఉంటుంది. బెడ్‌రూమ్‌లో పెడితే నెలలోపే సన్నగా సాగి, ఆకు రాల్చేస్తుంది. బాల్కనీలో పెట్టి పూజ చేసుకోండి. మల్లె కూడా ఎండ మొక్కే. దాని వాసన కావాలంటే సాయంత్రం గుప్పెడు మొగ్గలు గిన్నెలో నీళ్లు పోసి మంచం పక్కన పెట్టుకోండి, రాత్రి పదికల్లా విచ్చుకుంటాయి. పొద్దున్నే ఆ నీళ్లు పారబోయడం మరిచిపోవద్దు. రాత్రిరాణి వద్దు, మూసిన గదిలో ఆ ఘాటుకు తలనొప్పి వస్తుంది.

వాస్తు మీ ఇంటి నమ్మకం, దాని గురించి నేను వాదించను. ఒక మొక్క కోసం అత్తగారి మనసు కష్టపెట్టే బదులు కుండీని హాల్లో పెట్టి, వెలుతురు చూసుకోండి. మొక్కకు ఏ గదైనా ఒకటే.

కుండీ ఎప్పుడు మార్చాలి? అడుగున గులకరాళ్లు వేయాలా?

అడుగు రంధ్రంలోంచి వేర్లు బయటికి వస్తుంటే, నీళ్లు పోసిన వెంటనే కారిపోతుంటే మార్చాలి. జూన్, జులైలో, తొలకరి తర్వాత మార్చితే తొందరగా కోలుకుంటుంది. ఇప్పుడున్న కుండీ కన్నా రెండంగుళాలు పెద్దది చాలు. మరీ పెద్ద కుండీలో మట్టి ఆరదు.

గులకరాళ్లు వద్దు. అవి వేస్తే నీళ్లు బాగా దిగుతాయని మా అమ్మ కూడా అనేది. నిజానికి మట్టి తడిసి నిండేదాకా నీరు రాళ్లలోకి దిగదు, రాళ్ల పైనే ఆగుతుంది. వేర్లకు మరింత దగ్గరగా తడి చేరుతుంది, అంతే. రంధ్రం మీద ఒక కుండ పెంకు బోర్లా పెట్టండి, మట్టి కారకుండా ఉంటుంది. నర్సరీ మొక్కలు చాలావరకు బంకమట్టి ముద్దతో వస్తాయి. దాన్ని వేర్లు తెగకుండా సగం దాకా విదిలించి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఒక పాలు వర్మీ కంపోస్టు, ఒక పాలు ఇసుక కలిపి నాటండి. స్నేక్ ప్లాంట్‌కు ఇసుక ఇంకో పాలు కలపండి.

పసుపు అంచు స్నేక్ ప్లాంట్‌ను ఆకు ముక్కలు చేసి నాటితే వచ్చే పిల్లలకు ఆ పసుపు అంచు రాదు, పచ్చగానే వస్తాయి. అంచు కావాలంటే వేరు దగ్గర వచ్చిన పిలకను విడదీసి నాటాలి.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తాం. మొక్కల సంగతి?

సంక్రాంతి చలికాలం కాబట్టి భయం లేదు. వెళ్లే ముందు రోజు అన్నింటికీ నీళ్లు పోసి, కిటికీ నుంచి కొంచెం లోపలికి జరిపి, తెరలు సగం తీసి ఉంచండి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్‌లకు ఆ పోయడం కూడా అక్కర్లేదు. సీసాల్లో నీళ్లు మాత్రం ఉంచి వెళ్లకండి, మనీప్లాంట్ కొమ్మను తడి మట్టిలో గుచ్చి వెళ్లండి.

మే నెల సెలవులకు అయితే పీస్ లిల్లీకి వత్తి పెట్టాలి. నీళ్ల సీసా మూతకు చిన్న రంధ్రం చేసి, పాత నూలు చీర అంచును తాడులా మెలేసి, ఒక కొస సీసా అడుగు దాకా, ఇంకో కొస మట్టిలోకి నాలుగంగుళాలు దించండి. మట్టి ఆరే కొద్దీ నీళ్లు వత్తి గుండా వస్తాయి. రంధ్రం వత్తికి సరిగ్గా సరిపోవాలి, దోమ దూరే సందు ఉండకూడదు. వెళ్లే రెండు రోజుల ముందే పెట్టి, పనిచేస్తుందో లేదో చూసుకోండి.

తిరిగొచ్చేసరికి పీస్ లిల్లీ కుండీ అంచు మీంచి నేలకు వాలిపోయి ఉంటే కంగారుపడి చెంబులు చెంబులు పోయకండి. బాగా ఎండిన మట్టి నీటిని పీల్చదు, పక్కల నుంచి జారిపోతుంది. బకెట్‌లో నాలుగంగుళాల నీళ్లు పోసి కుండీని అందులో అరగంట ఉంచండి. అడుగు నుంచి పీల్చుకుంటుంది. తర్వాత తీసి నీడలో పెట్టండి. పొద్దున పెడితే సాయంత్రానికి కాడలు ఒక్కొక్కటిగా లేస్తాయి.